ఉక్రెయిన్ కొంత నేల వదులుకుంటే యుద్ధం ఆగిపోతుంది కదా? తెలిసినవాళ్లు చెప్పండి

ప్రశ్న (ధర్మవరం కుర్రాడు)

అందరికీ నమస్కారం. మాది ధర్మవరం దగ్గర పల్లె. అనంతపురంలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. వచ్చే వారం మా కాలేజీలో డిబేట్ ఉంది. దాడికి గురైన దేశానికి అండగా నిలబడాలా, కొంత భూమి వదులుకుని రాజీ పడమని చెప్పాలా అన్నది అంశం. నాకు రాజీ వైపు వచ్చింది. మొదట్లో సులువే అనుకున్నాను.

ఎందుకంటే మా తాతకూ పక్క చేను ఆయనకూ గట్టు తగాదా ఉండేది. అవతలాయన ప్రతి ఏడూ దుక్కి దున్నేటప్పుడు నాలుగు సాళ్లు మా వైపు జరిగేవాడు. రెండుసార్లు కట్టెలతో కొట్టుకున్నారు. చివరికి పెద్దమనుషులు రచ్చకట్ట దగ్గర కూర్చుని, 'సాళ్లు పోతే పోయాయి, తలకాయలు పగలకుండా ఉంటే చాలు' అని మా తాతనే ఒప్పించారు. మా నాన్న ఆ తీర్పు మంచిదే అంటాడు. మా అవ్వ మాత్రం ఇప్పటికీ ఆ గట్టు వైపు చూడదు.

ఉక్రెయిన్‌లో 2022 నుంచి మనుషులు చనిపోతూనే ఉన్నారు. దేశంలో దాదాపు ఐదో వంతు ఇప్పటికే రష్యా చేతిలో ఉంది. అది ఎలాగూ తిరిగి రాదనుకుంటే, ఇచ్చేసి మిగతాది కాపాడుకోవడం మేలు కదా? యుద్ధం మొదలైన ఏడాది సన్‌ఫ్లవర్ ఆయిల్ ధర పెరిగి మా అమ్మ బజ్జీల బండి రెండు నెలలు ఆపేసింది. ఆగితే మనకూ మంచిదే. కానీ స్పీచ్ రాద్దామని కూర్చుంటే పెన్ను కదలడం లేదు. ఎక్కడో తప్పు మాట్లాడుతున్నానేమో అని టెన్షన్‌గా ఉంది.

జవాబు (కడప వ్యాపారి)

తమ్ముడూ, నువ్వు అనుకున్నదే సరైనది. ధైర్యంగా మాట్లాడు. 1971లో ప్రపంచంలో పెద్ద దేశాలు మన మీద కన్నెర్ర చేసినప్పుడు ఐక్యరాజ్యసమితిలో వీటో వేసి కాపాడింది సోవియట్ యూనియన్. ఆ మేలు మరచిపోకూడదు. ఇక చమురు సంగతి. యుద్ధానికి ముందు మనం కొనే చమురులో రష్యాది రెండు శాతం కూడా లేదు, తర్వాత అది మూడో వంతు దాటింది. మన లారీలు తిరగడంలో దానికీ పాత్ర ఉంది. తప్పు ఎవరిదన్నది తర్వాత తేల్చుకోవచ్చు. నాకు ఇద్దరు కొడుకులు. ఏ దేశం తల్లిదండ్రులైనా పిల్లల్ని పోగొట్టుకోకూడదు. ముందు చావులు ఆగాలి, అంతే.

జవాబు (కర్నూలు డాక్టరమ్మ)

తమ్ముడూ, నేను కర్నూలు అమ్మాయిని. 2018 నుంచి 2022 ఫిబ్రవరి దాకా ఉక్రెయిన్‌లో జపోరిజియా అనే ఊళ్లో మెడిసిన్ చదివాను. మన తెలుగువాళ్లం అక్కడ చాలామందిమి ఉండేవాళ్లం. ఇప్పుడు ఇక్కడ ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. నైట్ డ్యూటీలో కూర్చుని రాస్తున్నాను, కాస్త పెద్దదవుతుంది.

ఆ ఊరు ద్నిప్రో నది ఒడ్డున ఉంటుంది. నది మధ్యలో పెద్ద దీవి, ఎగువన సోవియట్ కాలంలో కట్టిన డ్యామ్. మొదటి ఏడాది ఇంటి మీద బెంగ వచ్చినప్పుడల్లా ట్రాలీబస్ ఎక్కి డ్యామ్ దగ్గరికి పోయేదాన్ని. తుంగభద్ర గట్టున కూర్చున్నట్టు ఉండేది, నీళ్లు మాత్రం ఏడాది పొడుగునా నిండుగా ఉండేవి.

మా హాస్టల్ వాకిట్లో ఒక పెద్దావిడ డ్యూటీ చేసేది. ఇప్పటికీ అక్కడే ఉంది కాబట్టి పేరు రాయను. అందరం ఆంటీ అనేవాళ్లం. రాత్రి ఆలస్యంగా వస్తే తిట్టేది, జ్వరం వస్తే తేనె కలిపిన టీ తెచ్చి తాగేదాకా నిలబడేది. మాట్లాడేదంతా రష్యన్. వార్డులో మా పేషెంట్లదీ అదే భాష. 'ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ల నుంచి' అని అడగడం నాకు నేర్పింది ఆవిడే. ఆవిడ చెల్లెలు దక్షిణాన ఉన్న మెలితోపోల్ అనే ఊళ్లో ఉండేది. మనకు కోడూరు మామిడి ఎలాగో వాళ్లకు మెలితోపోల్ చెర్రీలు అలాగ. జూన్ వచ్చిందంటే ఆ చెల్లెలు బకెట్ నిండా తెచ్చేది. మా ఫ్లోర్‌లో అందరి చేతులూ ఎర్రగా అయ్యేవి.

2022 ఫిబ్రవరి 24 తెల్లవారుజామున యుద్ధం మొదలైంది. నాలుగు రాత్రులు బేస్‌మెంట్‌లో పడుకున్నాం. నెలాఖరులో మాకు రైలు దొరికింది. లైట్లు ఆర్పేసి, పరదాలు దించేసి, ఒక రోజుకు పైగా ప్రయాణం చేసి పడమటి సరిహద్దుకు చేరాం. హంగరీలోకి దాటాక ఆపరేషన్ గంగ విమానంలో ఢిల్లీ. బయలుదేరేటప్పుడు ఆంటీ నా బ్యాగులో ఊరబెట్టిన దోసకాయల సీసా పెట్టింది. బార్డర్ క్యూలో నిలబడి ఐదుగురం అదే తిన్నాం.

మేము రైలెక్కిన ఆ రోజుల్లోనే మెలితోపోల్ రష్యా చేతికి పోయింది. అక్కడివాళ్లలో చాలామంది ఇంట్లో రష్యనే మాట్లాడతారు. అయినా ఉక్రెయిన్ జెండాలు పట్టుకుని సైనికుల ఎదురుగా రోడ్డు మీదికి వచ్చారు. మార్చి 11న ఊరి మేయర్‌ను తలకు సంచి తొడిగి ఎత్తుకుపోయారు. కొన్ని రోజులకు ఖైదీల మార్పిడిలో వదిలారు. ఆ తర్వాత ఊరేగింపులు తగ్గిపోయాయి. స్కూలు పుస్తకాలు మారాయి. రష్యా పాస్‌పోర్టు లేనివాళ్లకు పెన్షన్, వైద్యం కష్టమయ్యాయి. ఆంటీ చెల్లెలికి షుగర్ ఉంది. ఇన్సులిన్ కోసం ఆ పాస్‌పోర్టు తీసుకుంది. రేపు ఎవరైనా లెక్క చూపిస్తే, ఆవిడ ఇష్టపడి రష్యాలో చేరిన మనిషి కింద ఉంటుంది.

నువ్వు నాలుగు సాళ్లు అన్నావు. సాళ్లలో మనుషులుండరు తమ్ముడూ. 'దక్షిణం, తూర్పు వదిలేయండి' అని మనం ఇక్కడ కూర్చుని అనేటప్పుడు, ఆ ఇన్సులిన్ తీసుకునే మనిషిని వదిలేయమంటున్నాం. ఆక్రమించిన ప్రాంతాల నుంచి పిల్లల్ని రష్యాకు తరలించారన్న ఆరోపణ మీదే 2023 మార్చి 17న అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు పుతిన్ మీద అరెస్ట్ వారెంట్ ఇచ్చింది. ఆ పిల్లలూ ఆ 'భూమి'లోనే ఉన్నారు.

కడప అన్నకు ఒక మాట. చావులు ఆగాలని నాకూ ఉంది, నా చదువే దాని కోసం. కానీ ఊరు అప్పజెబితే చావులు ఆగుతాయన్నది నిజం కాదు. బుచా అనే చిన్న పట్టణంలో నాలుగు వందలకు పైగా శవాలు దొరికాయి. వాళ్లలో ఎక్కువమంది మామూలు జనం, ఊరు రష్యా సైన్యం చేతిలో ఉన్న రోజుల్లో పోయినవాళ్లు. ఇక మా ఊరి సంగతి. 2022 సెప్టెంబర్ 30న జపోరిజియా శివార్లలో, ఆక్రమిత ప్రాంతంలో ఉన్న బంధువుల కోసం కార్లలో బయలుదేరిన జనం మీద క్షిపణులు పడి పాతిక మందికి పైగా చనిపోయారు. సరిగ్గా అదే రోజు పుతిన్ మాస్కోలో కూర్చుని, జపోరిజియాతో సహా నాలుగు ప్రాంతాలు ఇక రష్యావేనని సంతకం పెట్టాడు. జపోరిజియా నగరంలో రష్యా సైన్యం ఒక్కరోజు కూడా అడుగు పెట్టలేదు. అయినా 2024 జూన్‌లో ఆయన పెట్టిన షరతు, ఆ నాలుగు ప్రాంతాల నుంచి ఉక్రెయిన్ సైన్యం పూర్తిగా వెళ్లిపోవాలని. అంటే నేను చదువుకున్న ఊరు, ఆ డ్యామ్, మా ఆంటీ, అన్నీ కలిపి. తీసుకోలేకపోయినది కూడా ఇమ్మని అడగడాన్ని రాజీ అని ఎలా అంటాం?

ఇంకొకటి. 2014లో ఉక్రెయిన్‌కు చెందిన క్రిమియాను రష్యా కలిపేసుకున్నప్పుడు ప్రపంచం కొన్ని ఆంక్షలు పెట్టి దాదాపు సర్దుకుపోయింది. నేను జపోరిజియాకు వెళ్లేటప్పటికి అది పాత వార్త. ఎనిమిదేళ్లకు యుద్ధం మా బేస్‌మెంట్ దాకా వచ్చింది.

అండ అంటే నా దృష్టిలో పెద్ద మాటలు కాదు. చలికాలంలో కరెంటు స్టేషన్ల మీద పడే క్షిపణుల్ని గాలిలోనే కూల్చే ఆయుధాలు, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ల బదులు కొత్తవి, జనరేటర్లు. 2024 ఆగస్టు 23న మన ప్రధాని కీవ్ వెళ్లినప్పుడు నాలుగు భీష్మ్ క్యూబ్‌లు ఇచ్చారు, మోసుకెళ్లగలిగే చిన్న ఆసుపత్రి లాంటివి. ఆ వార్త చూసి ఆ రోజు డ్యూటీ రూమ్‌లో ఏడ్చాను. మన దేశం నుంచి వెళ్లిన గాజుగుడ్డతో అక్కడ ఎవరి గాయానికో కట్టు కడతారు కదా అని.

జవాబు (ప్రొద్దుటూరు రిటైర్డ్ మాస్టారు)

అమ్మా, నీ రాత రెండుసార్లు చదివాను. చల్లగా ఉండు తల్లీ.

నాయనా ధర్మవరం అబ్బాయీ, ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పినవాణ్ణి, ఒకటి అడుగుతాను. మన ప్రాంతాన్ని మన ముత్తాతలు ఏమని పిలిచేవాళ్లో తెలుసా? దత్తమండలాలు. 1800లో నిజాం, తన దగ్గర పెట్టుకున్న ఈస్టిండియా కంపెనీ సైన్యం ఖర్చుకు బదులుగా కడప, అనంతపురం, బళ్లారి సీమల్ని కంపెనీకి రాసిచ్చాడు. అంతకుముందు టిప్పు సుల్తాన్‌తో యుద్ధాల్లో ఆయన వాటాకు వచ్చిన నేల అది. ఇచ్చినవాడు హైదరాబాదులో, పుచ్చుకున్నవాడు మద్రాసులో. పెన్నా ఒడ్డున సేద్యం చేసుకునే మనిషిని ఎవరూ అడగలేదు. ఆ పేరు నూరేళ్లకు పైగా మన నుదుట ఉండిపోయింది. 1928లో నంద్యాల సభలో మనవాళ్లు ఆ పేరు వద్దనుకుని రాయలసీమ అని పెట్టుకున్నారు. అంతకాలం తర్వాత కూడా ఆ మాట ఎందుకు గుచ్చుకుందో నా క్లాసులో పిల్లలకు నేను చెప్పనక్కర్లేకుండానే అర్థమయ్యేది.

భూమి ఎన్నడూ చేతులు మారకూడదని నేననను. 2015లో మనం, బంగ్లాదేశ్ సరిహద్దులో ఒకరి లోపల ఒకరికి ఉన్న చిట్‌మహల్ ఊళ్లు మార్చుకున్నాం. మన 111 అటు, వాళ్ల 51 ఇటు. రాజ్యాంగ సవరణ చేసి, ఏ దేశ పౌరులుగా ఉంటారని అక్కడివాళ్లను అడిగి చేశారు. ఎవరూ ట్యాంకులు తోలలేదు. ఉక్రెయిన్ రాజ్యాంగంలోనూ 73వ అధికరణం ఉంది, దేశం హద్దు మార్చాలంటే దేశమంతా ఓటు వేసి తేల్చాలని. బయటివాళ్లు గదిలో కూర్చుని పటం మీద గీత గీసి 'సంతకం పెట్టు, లేకపోతే సాయం ఆపేస్తాం' అనడం 1800 నాటి పద్ధతి.

కడప మిత్రుడు చెప్పిన 1971 నిజమే. ఆ సోవియట్ యూనియన్‌లో ఉక్రెయిన్ కూడా ఉంది. మన వాయుసేన లేహ్‌కు సరుకు మోసే ఏఎన్-32 విమానాలు కీవ్‌లో తయారైనవే. అదే 1971లో సుమారు కోటి మంది శరణార్థులు మన దేశంలోకి వస్తే, తూర్పు బెంగాల్ వాళ్లతో 'పోనీ, సర్దుకోండి' అని మనం అనలేదు.

1994 బుడాపెస్ట్ పత్రం గురించి కూడా చదువుకో. తన దగ్గరున్న అణ్వస్త్రాలను ఉక్రెయిన్ అప్పగించింది. నీ హద్దుల్ని గౌరవిస్తామని సంతకం పెట్టినవాళ్లలో రష్యా ఒకటి.

ఇంకో సంగతి. ఆ తీర్పు తర్వాత పక్క చేను ఆయన ఊరుకున్నాడా? మీ నాన్నను అడుగు.

ప్రశ్న అడిగినవారు

మాస్టారూ, నాన్నను అడిగాను. తీర్పు అయిన మూడో ఏట మళ్లీ జరిగాడట. ఈసారి మా తాత ఎవరి మాటా వినకుండా సర్వేయర్‌ను పిలిపించి, కొలిపించి, రాళ్లు పాతించాడట. అప్పుడు ఆగిందట. ఈ సంగతి మా నాన్న ఇన్నాళ్లూ చెప్పలేదు.

అక్కా, మీరు రాసింది మా అమ్మకు చదివి వినిపించాను. ఆమె ఏమీ మాట్లాడలేదు, ఆ ఆంటీ చెల్లెలికి ఇప్పుడెలా ఉందని మాత్రం అడిగింది. వైపు మార్చుకుంటానని మా సార్‌ను అడిగితే కుదరదన్నారు. మనసులో లేని మాట మాట్లాడలేను. రాజీ వైపు ఉండి నిజాయితీగా ఏం చెప్పొచ్చు?

జవాబు (కర్నూలు డాక్టరమ్మ)

చెప్పొచ్చు తమ్ముడూ. కాల్పులు ఆపడం వేరు, కబ్జా చేసినవాడి పేరు మీద రిజిస్ట్రేషన్ చేసివ్వడం వేరు. సైన్యాలు ఎక్కడున్నాయో అక్కడే ఆగి, తుపాకులు దించి, ఏ ఊరినీ ఎవరికీ రాసివ్వకుండా మాట్లాడుకోవడం కూడా రాజీయే. నువ్వు దాని వైపు మాట్లాడు. అది కూడా ఎప్పుడు, ఏ షరతు మీద అన్నది ఉక్రెయిన్ వాళ్లే తేల్చుకోవాలని చెప్పు. ఈసారి ఆగినచోట మీ తాత పాతించినలాంటి రాళ్లు ఎవరు పాతుతారు, ఎవరు కాపలా ఉంటారు అని కూడా అడుగు. తూర్పు ఉక్రెయిన్‌లో కాల్పులు ఆపాలని 2014, 2015లో మిన్స్క్ నగరంలో రాసుకున్న ఒప్పందాలకు అదే లేకపోయింది.

మీ అమ్మగారికి చెప్పు, ఆ చెల్లెలు ఉంది. ఎప్పుడో ఒకసారి రెండు మాటలు వస్తాయి, ఆరోగ్యం గురించి మాత్రమే. చెర్రీ చెట్లు ఉన్నాయా లేవా అని ఆంటీ అడగదు, ఆవిడ రాయదు. ఆంటీ నాకు పోయిన నెల హాస్టల్ ఫొటో పంపింది. మూడో అంతస్తులో నా గది కిటికీకి అద్దం లేదు, చెక్క కొట్టారు. నాతో నాలుగేళ్లు రష్యన్‌లో మాట్లాడిన మనిషి కింద రెండు ముక్కలు ఉక్రేనియన్‌లో రాసింది. నాకు ఆ భాష సరిగ్గా రాదు, డిక్షనరీ పెట్టుకుని చదువుకున్నాను. 'నీ పరుపు అలాగే ఉంచాను' అని.

డిబేట్ ఏ రోజో చెప్పు. ఎవరైనా ఫ్రెండ్‌తో రికార్డు చేయించి పంపితే, అనంతపురంలో ఒక అబ్బాయి ఏం మాట్లాడాడో ఆంటీకి నేను అర్థమయ్యేలా చెప్తాను.