వసంత స్వాగతం: మొక్కల పంపిణీ మార్చిలోనా, మేలోనా?

కార్యక్రమ సమన్వయం:
అందరికీ నమస్కారం. మార్చి చివరి శనివారానికి హాలు ఖాయమైంది. మన ఈ చలి ఊళ్లో చలికాలమంతా మూసి ఉంచిన ఇంటిని మళ్లీ ఎలా తెరుచుకోవాలన్నదే ఈసారి విషయం. వచ్చినవాళ్లు ఆ వారమే ఏదో ఒక పని మొదలుపెట్టగలగాలి. కుటుంబానికో టమాటా మొక్క, ఓ మిరప మొక్క ఇద్దామనుకుంటున్నాం. నారు ఎవరు పెంచుతారు?

మొక్కల టేబుల్:
నారు నేను పోస్తానండీ, కానీ మార్చిలో మొక్కలు పంచొద్దు. మార్చి 20 ప్రాంతంలో పగలూ రాత్రీ దాదాపు సమానమవుతాయి, క్యాలెండర్లో వసంతం వచ్చేస్తుంది. నేల మాత్రం అప్పటికి వేడెక్కదు. ఒక్క ఎండ మధ్యాహ్నం చూసి మొక్కను బయట పెట్టేస్తారు, ఆ రాత్రే ఫ్రాస్ట్, అంటే గడ్డకట్టే మంచు, పడితే పోతుంది. రాత్రుళ్లు 10 డిగ్రీల లోపుంటేనే టమాటా ఎదగదు. కొత్తగా వచ్చిన కుటుంబాలు ఉన్నాయి మనలో. మొదటి మొక్కే చచ్చిపోతే ఇక్కడేమీ పెరగవనుకుని వదిలేస్తారు, నా బాధ అదే.

మార్చిలో విత్తనాలిద్దాం. ఆఖరి ఫ్రాస్ట్‌కి 6 నుంచి 8 వారాల ముందు టమాటా విత్తనాలు ఇంట్లో వేయాలి. మన ఊళ్లో ఆ ఆఖరి ఫ్రాస్ట్ సగటున మే మధ్యలో కాబట్టి లెక్క సరిపోతుంది. సగటే సుమా, ఆ తర్వాత కూడా ఓ చలి రాత్రి రావచ్చు. వెలుగు చాలకపోతే నారు సన్నగా సాగి వాలిపోతుంది, అందుకని ముందు కిటికీ అద్దాలు శుభ్రంగా తుడవమనాలి.

పిల్లల విభాగం:
విత్తనాలు పిల్లలతోనే వేయిద్దాం అక్కా, కప్పు మీద పేరు, తేదీ వాళ్లే రాస్తారు. మరి ఇళ్లలో ఉన్న మల్లె, మందారం కుండీలు? అందరూ అడిగేది అదే.

మొక్కల టేబుల్:
అవీ తొందరపడకూడదమ్మా. రాత్రులు 10 డిగ్రీల పైన నిలకడగా ఉన్నాకే బయటికి. మొదటిరోజు నీడలో గంటో రెండు గంటలో ఉంచి లోపలికి తేవాలి. రోజూ కొంచెం పెంచుతూ వారం, పది రోజులు అలవాటు చేయాలి. నెలల తరబడి గదిలో ఉన్న ఆకులు నేరుగా ఎండ తగిలితే తెల్లగా మాడిపోతాయి. దీన్ని ఒక కుండీ పెట్టి చూపిస్తాను, మాటల్లో చెబితే ఎవరికీ గుర్తుండదు.

ఇంటి పనుల టేబుల్:
నేను పెరడు, పైకప్పు అంచున వాన నీటి గట్టర్లు, స్మోక్ అలారం బ్యాటరీలు చూసుకుంటాను. తడి నేల తవ్వొద్దని గట్టిగా చెప్పాలి, మట్టి అణిగి గట్టిపడిపోతుంది. గుప్పెడు మట్టి పిసికితే ముద్దలా ఉండిపోతే ఆగాలి, పొడిగా విడిపోతే తవ్వొచ్చు. రాలిన ఆకుల్ని కూడా కాస్త వెచ్చబడేదాకా ఉండనిద్దాం. వాటి కింద చలికాలం గడిపిన పురుగులు ఇంకా బయటికి రావు, మన పూలకు కావాల్సినవి కూడా వాటిలో ఉంటాయి.

కార్యక్రమ సమన్వయం:
సరే, అయితే రెండు విడతలు. మార్చిలో హాల్లో విత్తనాలు, మే చివర్లో పార్కులో నారు పంపిణీ. అక్క నారు కూడా అప్పుడే, విత్తనాలు మొలవనివాళ్లకి ముందు ఇద్దాం. అడుగున రంధ్రం పెట్టిన కప్పులు, విత్తనాల మట్టి ఎవరు తెస్తారో ఆదివారంలోగా ఇక్కడే రాయండి. మట్టి బస్తాలు బరువు కాబట్టి పెద్ద కారున్నవాళ్లు ఇద్దరు కావాలి.