అప్‌డేట్: మా బుర్రకథ ప్రోగ్రాం అయింది

గల్ఫ్‌లో ఇరుక్కున్న మన కోనసీమ ఆడవాళ్ల లాయరు ఖర్చుల కోసం నవ్వించే ప్రోగ్రాం పెడితే తప్పుగా అనుకుంటారా అని అడిగాను కదా. సంక్రాంతి వెళ్లాక అమలాపురం దగ్గర మా ఊళ్లో పెట్టేశాం.

నాకు ధైర్యం వచ్చింది మీలో ఒకరు చెప్పిన ఆమ్నెస్టీ అనే మానవ హక్కుల సంస్థ సంగతితోనే. 1976లో లండన్‌లో జాన్ క్లీజ్ లాంటి హాస్యనటులు ఆ సంస్థ కోసం స్టేజి ఎక్కారు. 1979లో అలాంటి ప్రోగ్రాంకే రాక్ సంగీతకారుడు పీట్ టౌన్‌షెండ్ గిటార్ పట్టుకొచ్చాడు. 1988లో ఆ సంస్థ మానవ హక్కుల కచేరీ ఢిల్లీకే వచ్చింది. మన బుర్రకథలో హాస్యం చెప్పే వంత ఎప్పటినుంచో ఉన్నాడు, ఇక సందేహం దేనికి?

ఆ వంత ఏజెంటులా గొంతు మార్చి, "పాస్‌పోర్టు నా దగ్గరుంటేనే నీకు భద్రం తల్లీ" అనగానే జనం పగలబడి నవ్వారు. కువైట్ నుంచి తిరిగొచ్చిన ఒకావిడ నవ్వుతూనే చెంగుతో కళ్లొత్తుకుంది. కాసేపటికి మైకు అడిగి, తన జీతం ఎలా ఆపేశారో తనే చెప్పింది. జోలె నిండింది ఆ తర్వాతే.

సౌండ్ బాక్సులాయన అద్దె తీసుకోలేదు. వసూళ్ల లెక్క రామాలయం గోడకి అంటించాం. ఇప్పుడు రావులపాలెంలో కూడా వెయ్యమంటున్నారు. డక్కీ వాయించేవాళ్లు ఎవరైనా తెలిస్తే చెప్పండి.