పిప్ ఇంటర్వ్యూకి పిలిచారు, ఈయనేమో ఎవరడిగినా "ఐయామ్ ఫైన్" అంటారు

అందరికీ నమస్తే. పెళ్లయి కోవెంట్రీ వచ్చి పది నెలలైంది, స్పౌజ్ వీసా మీద ఉన్నాను. మా వారు ఇక్కడ పద్నాలుగేళ్లుగా ఉంటున్నారు, బ్రిటిష్ పాస్‌పోర్ట్. నేను వచ్చిన రెండో నెలలోనే ఆయనకి స్ట్రోక్ వచ్చింది. కుడి చేతికి పట్టు లేదు, కాలు ఈడుస్తూ నడుస్తారు, మధ్యాహ్నానికల్లా నీరసంతో పడిపోతారు. ఎవరో చెబితే పిప్ (జబ్బు, వైకల్యం వల్ల రోజువారీ పనులకి ఇబ్బంది పడేవాళ్లకి ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే డబ్బు) ఫారం నింపి పంపాం. ఇప్పుడు ఎసెస్‌మెంట్‌కి రమ్మని ఉత్తరం వచ్చింది. నాకు ఒకటే టెన్షన్. ఈయన డాక్టర్ దగ్గర కూడా "ఐయామ్ ఫైన్" అంటారు. నేను పక్కన కూర్చోవచ్చా? నా వీసాలో "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్" అని, అంటే ప్రభుత్వ సాయం డబ్బు తీసుకోకూడదని ఉంది, ఆయన ఈ డబ్బు తీసుకుంటే నాకేమైనా ఇబ్బందా?

లెస్టర్ నుంచి:

అమ్మా, ముందు వీసా సంగతి తేల్చేద్దాం. పిప్ ఇద్దరి పేరు మీద వచ్చేది కాదు, మీ ఆయనకి సొంతంగా వచ్చేది. ఆంక్ష నీ మీదే గాని ఆయన మీద లేదు. కాబట్టి భయం లేదు. నువ్వు మాత్రం కేరర్స్ అలవెన్స్ (జబ్బు మనిషిని చూసుకునేవాళ్లకి ఇచ్చే డబ్బు) జోలికి వెళ్లకు, అది నీ పేరు మీద వచ్చే పబ్లిక్ ఫండ్. ఇంకో మాట, చాలామందికి తెలియదు: భర్తకి పిప్ వస్తుంటే నీ వీసా పొడిగింపప్పుడు ఏడాదికి 29,000 పౌండ్ల ఆదాయం చూపించమనరు. ఇంటి అద్దె అవీ పోను బతకడానికి సరిపడా మిగులుతోందా అని వేరే లెక్క చూస్తారు. ఆ రోజు వచ్చినప్పుడు లాయర్‌తో ఒకసారి మాట్లాడుకో.

పక్కన కూర్చోవచ్చు, కూర్చోవాలి కూడా. మాట్లాడవచ్చు కూడా.

ఇక అసలు విషయం. వాళ్లు జబ్బు పేరుకి మార్కులు వేయరు. రోజూ చేసుకునే పనులు పది, బయట తిరగడానికి సంబంధించినవి రెండు, వీటికే పాయింట్లు. మొదటి పది పనులకీ కలిపి 8 పాయింట్లు వస్తే మామూలు రేటు, 12 వస్తే పెద్ద రేటు. నడక, ప్రయాణం లెక్క వేరు, అక్కడా అవే 8, 12. స్ట్రోక్ వచ్చి మూడు నెలలు దాటిందా, ఇంకో తొమ్మిది నెలలు ఈ ఇబ్బంది ఉండేలా ఉందా అని కూడా చూస్తారు. జీతం, బ్యాంకులో డబ్బు అడగరు. ఉద్యోగం చేస్తున్నా వస్తుంది.

నా సంగతి చెబుతాను. నాది రుమటాయిడ్, కీళ్లవాతం. మొదటిసారి వెళ్లినప్పుడు ఎదురుగా కూర్చున్న నర్సు "హౌ ఆర్ యూ టుడే" అంది. మనం ఏమంటాం? "ఫైన్, థాంక్యూ, హౌ ఆర్ యూ." అక్కడే మొదలైంది. రిపోర్టు తెప్పించుకుని చూస్తే "కోటు తనే విప్పుకున్నారు" అని ఒక ముక్క. నిజమే, విప్పుకున్నాను. ఆ కోటుకి గుండీలూ లేవు, జిప్పూ లేదు. నా వేళ్లతో విప్పుకోగలిగేది అదొక్కటే అని కొనుక్కున్న కోటు అది. ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. వచ్చినవి 2 పాయింట్లు.

ఆ తర్వాత నెల రోజుల్లోపు మాండేటరీ రీకన్సిడరేషన్, అంటే నిర్ణయం మళ్లీ చూడమని అడిగాను, కాదన్నారు. మళ్లీ నెలలోపు ట్రిబ్యునల్‌కి వెళ్లాను. జడ్జి, డాక్టరు, వైకల్యం గురించి తెలిసిన ఇంకొకరు, ముగ్గురు కూర్చుంటారు. కోటు సంగతి వాళ్లు అడిగారు. వంటింట్లో, స్నానానికి, బట్టలకి, టాయిలెట్‌కి వాడే సాధనాలకి రెండేసి చొప్పున 8 వేశారు. ఈ తిరుగుడంతా నీకు తప్పాలనే ఇంత రాస్తున్నాను.

మీ ఆయన "ఫైన్" గురించి. మన మగవాళ్లతో ఇంకో చిక్కు ఉంది. వంట చేస్తారా అని అడిగితే "నాకు వంట రాదు, మా ఆవిడ చేస్తుంది" అంటారు. అంతే, ఆ పాయింట్లు పోయినట్టే. అక్కడ అడిగేది వంట వచ్చా అని కాదు. తాజా కూరగాయలతో ఒక్కరికి సరిపడా ఒక కూర, ఒంటరిగా పొయ్యి దగ్గర నిలబడి, ఒళ్లు కాల్చుకోకుండా చేయగలరా అని. ఒక చేత్తో ఉల్లిపాయ తొక్క తీయగలరా? మరిగే గిన్నె దించగలరా? అది చెప్పాలి.

అన్నం నువ్వు కలిపి పెడుతున్నావా? ముక్కలు చిన్నవి చేసి పెడుతున్నావా? చొక్కా నువ్వు తొడుగుతున్నావా? పై భాగానికి బట్టలు వేసుకోడానికే ఇంకొకరి చేయి కావాలంటే 4 పాయింట్లు. స్నానం బాత్రూంలో ప్లాస్టిక్ స్టూలు వేసుకుని చేస్తున్నారేమో, ఆ స్టూలు కూడా సాధనమే, చెప్పాలి. నువ్వు ఇవన్నీ మామూలుగా చేసేస్తుంటావు, ఇద్దరికీ లెక్కలో ఉండదు.

అబద్ధం చెప్పమనట్లేదు, ఉన్నదంతా చెప్పమంటున్నాను. "చేయగలను" అనే ముందు నాలుగు చూసుకోమను: ప్రమాదం లేకుండా, సరిగ్గా, అవసరమైనన్ని సార్లు, మామూలు మనిషికి పట్టే టైముకి రెండింతలు దాటకుండా. నాలుగింట్లో ఒక్కటి తప్పినా దాన్ని "చేయలేను" కిందే లెక్కపెట్టాలి. ఒక మంచి రోజు చూసి మాట్లాడకూడదు, సగం కంటే ఎక్కువ రోజులు ఎలా ఉంటుందో అది చెప్పాలి.

ఎలా వచ్చారు, పార్కింగ్ దొరికిందా, నిన్న టీవీలో ఏం చూశారు అని కబుర్లలా అడుగుతారు. అవి కబుర్లు కావు. "టాక్సీలో వచ్చాం, తలుపు దగ్గర నుంచి ఈ కుర్చీ దాకా రెండుసార్లు ఆగాను" అనాలి, నిజం అదే అయితే.

గ్లాస్గో నుంచి:

పైన అక్క చెప్పింది ఇంగ్లండ్, వేల్స్ సంగతి. స్కాట్లాండ్‌లో ఉన్నవాళ్లు ఇది చదివి కంగారు పడకండి. ఇక్కడ పిప్ బదులు 2022 నుంచి అడల్ట్ డిసెబిలిటీ పేమెంట్ ఉంది. పాయింట్లు దాదాపు అవే, కానీ ప్రైవేటు కంపెనీ చేసే ఎసెస్‌మెంట్ ఉండదు. కాగితాలతో తేలకపోతేనే మాట్లాడటానికి పిలుస్తారు.

స్లౌ నుంచి:

ఇంటర్‌ప్రెటర్ కావాలంటే తెలుగు అని ముందే ఫోన్ చేసి అడగాలి, అప్పటికప్పుడు దొరకరు. ఇంగ్లీషు బాగా వచ్చినా అడగడమే నయమని నా ఉద్దేశం. రికార్డింగ్ కావాలన్నా ముందే చెప్పాలి.

లెస్టర్ నుంచి:

తమ్ముడూ, నేను ఒప్పుకుంటాను గాని కొంతవరకే. ఇంటర్‌ప్రెటర్ "నొప్పి" అని ఒక్క మాట అనేసి ఊరుకుంటే నష్టం. సలుపు వేరు, పోటు వేరు, తిమ్మిరి వేరు, కాళ్లు పీకడం వేరు. మా అమ్మకి ఫోన్లో ఏం చెబుతానో అదే ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నేను ముందు రోజు కాగితం మీద రాసుకున్నాను. చూసి చదివితే ఎవరూ ఏమీ అనరు. దగ్గర్లో సిటిజన్స్ అడ్వైస్ (ఇలాంటి వాటికి సలహా ఇచ్చే సంస్థ) ఉంటే ఒకసారి వెళ్లండి, పైసా తీసుకోరు.

కోవెంట్రీ నుంచి:

అక్కా, మీరు చెప్పినట్టు నిన్న పొద్దున్నంతా ఆయన పక్కన ఉండి నోట్‌బుక్‌లో రాశాను. కుడి కాలికి సాక్స్ తొడుక్కోడానికి పదకొండు నిమిషాలు పట్టింది, అదీ మధ్యలో నేను పట్టుకుంటే. పళ్లు తోముకునే పేస్ట్ మూత నేను తీశాను. టీ కప్పు ఎడమ చేత్తో పట్టుకున్నారు, సగం సాసర్లో పోయింది. ఇడ్లీ నేనే తుంచి పెట్టాను. ఇంతలో వాళ్ల అన్నయ్య ఫోన్ చేస్తే "బ్రహ్మాండంగా ఉన్నాను" అన్నారు. ఆ ముక్క కూడా రాశాను.

రాత్రి ఆయనకి చదివి వినిపించాను. ఇవన్నీ ఎవరికీ చెప్పకు అన్నారు మొదట, ముఖం తిప్పుకుని. కాసేపటికి తనే అడిగారు, "పేస్ట్ మూత రోజూ నువ్వే తీస్తున్నావా?" అని. పొద్దున లేచి చూస్తే నోట్‌బుక్ ఆ ఉత్తరం పెట్టిన ఫైల్లో ఉంది.

లెస్టర్ నుంచి:

కాపీ తీసి పెట్టుకో. ఇంటర్వ్యూ రోజు పొద్దున షేవింగ్ నువ్వు చేస్తే అది కూడా చెప్పు, లేకపోతే నున్నగా కనిపించాడని రాసేస్తారు. నిర్ణయం ఉత్తరం వచ్చాక ఏ పనికి ఎన్ని పాయింట్లు వేశారో ఇక్కడ రాయి, చూద్దాం.