పరీక్షలో ప్రశ్న చదివి వినిపిస్తే సాయమా, మోసమా?

టవర్ క్లాక్ (అనంతపురం):
మావాడు ఎనిమిదో తరగతి. చదివితే అక్షరం తప్పు పోడు, కానీ నత్త నడక. పేరా అయిపోయినాక "ఏముంది రా దాంట్లో?" అంటే నా మొగం చూస్తాడు. అదే పేరా వాళ్లమ్మ పొయ్యికాడ నిలబడి చదివితే అడిగినవన్నీ చెప్తాడు, అడగనివి కూడా. మొన్న యూనిట్ టెస్టులో లెక్కల సారు జాలిపడి వానికి ప్రశ్నలు చదివి వినిపించినాడు. 25కి ఎప్పుడూ ఆరో ఏడో తెచ్చుకునేవాడు 17 తెచ్చుకున్యాడు. ఇద్దరు తల్లిదండ్రులు బడికి పోయి గలాటా చేసినారంట, "మా పిల్లోళ్లకు కూడా చదవండి" అని. సారు ఇంక చదవనన్యాడు. మీరు చెప్పండప్పా, ఆయన చేసింది తప్పా?

బురుజు నీడ (కర్నూలు):
తప్పే అన్నా. కోపగించుకోవద్దు. ప్రశ్న చదవడం కూడా పరీక్షలో భాగమే. ఇప్పుడు మీరు చదివి పెడతారు, రేపు బస్సు బోర్డు ఎవరు చదువుతారు? ఈత రానోనికి రోజూ తెప్ప ఇస్తే వాడు ఈత ఎప్పుడు నేర్చుకుంటాడు? ఫోను లాక్కొని రోజుకు రెండు పేజీలు చదివించండి, ఆర్నెల్లలో దారికి వస్తాడు.

దేవుని కడప టీచరమ్మ:
ఫోను మీద నింద వేయడం సులువు. నేను 19 ఏళ్లుగా ఆరు నుంచి పది దాకా తెలుగు చెప్తున్నా, ఫోన్లు లేనప్పుడు కూడా ఇలాంటి పిల్లలు ప్రతి సెక్షన్‌లో ఉన్నారు. మొద్దు అని వెనక బెంచీలో కూర్చోబెట్టేవాళ్లం. నేనూ కూర్చోబెట్టాను.

1986లో గఫ్, టన్‌మర్ అని ఇద్దరు పరిశోధకులు ఒక చిన్న లెక్క చెప్పారు. చదివి అర్థం చేసుకోవడం అంటే అక్షరాలను మాటగా మార్చుకునే శక్తి ఇంటూ విని అర్థం చేసుకునే శక్తి. కూడిక కాదు, గుణకారం. ఒకటి సున్నా అయితే రెండోది ఎంత ఉన్నా ఫలితం సున్నాయే. టవర్ క్లాక్ గారి అబ్బాయికి రెండోది దండిగా ఉంది, ఇరుకంతా మొదటి దాంట్లోనే. వత్తు, గుణింతం కూడబలుక్కునేసరికి వాడి బుర్ర అలిసిపోతుంది, అర్థానికి చోటుండదు.

తెలుగులో ఇది తొందరగా బయటపడదు. ఇంగ్లిష్‌లో అయితే రాసింది ఒకటి, పలికేది ఒకటి, కాబట్టి తప్పులు వినపడతాయి. మనకు రాసిందే పలుకుతాం కనుక ఇలాంటి పిల్లవాడు పెద్దగా తప్పుల్లేకుండానే చదవొచ్చు. చాలాసార్లు నిదానమే ఆనవాలు. దాన్ని మనం సోమరితనం అంటాం.

హంద్రీ ఒడ్డు (కర్నూలు):
మేడమ్, మా పాప దీనికి పూర్తిగా రివర్స్. మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. తెలుగు పుస్తకం రేడియోలో వార్తల మాదిరి చదువుతుంది, కానీ నేను చదివి వినిపించినా అర్థం కాదు. ఈమెకు ఎవరు చదివిపెట్టి ఏం లాభం?

దేవుని కడప టీచరమ్మ:
లాభం లేదమ్మా. పాపకు కావాల్సింది మాటలు. పాఠం చెప్పేముందు ఏడెనిమిది మాటలు తీసుకొని వాటితో కబుర్లు చెప్పించండి, మీ ఉర్దూ కలిపినా పర్వాలేదు. బయటికి ఇద్దరూ "చదివింది అర్థం కాదు" అనే పిల్లలే, మందు మాత్రం వేరు.

ఆటో స్టాండు (కడప):
నాకు 46. బురుజు అన్నకు ఒక మాట. మా అయ్య నన్ను రెండు పేజీలు కాదు, బెల్టు పట్టుకొని పది పేజీలు చదివించినాడు. ఏం మారల్యా. బండి ఫైనాన్సు కాగితాలు పన్నెండు పేజీలు ముందర పెట్టి ఈడ, ఈడ అని సంతకాలు చేయించుకున్యారు. అక్షరాలు కనపడతాన్నాయి, సంగతి కనపడల్యా. సిగ్గేసి అడగల్యా. కంతు ఒక రోజు లేటయితే ఎంత పడతాదో కట్టినాకే తెలిసింది. ఇప్పుడు ఏ మెసేజీ వచ్చినా ఫోన్‌తోనే చదివించుకొని ఇంటా. నాకు ఫోనుంది, పరీక్ష హాల్లో ఆ పిల్లోనికి ఏముంది?

బురుజు నీడ:
అన్నా, మనసు కష్టపెట్టినట్టున్నా. సరే. అయినా అందరికీ ఒకే రూలు ఉండాల కదా?

పెన్నా ఇసుక (అనంతపురం):
రూలు ఉండనే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం జాబితాలోని 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం, లెక్కల్లాంటివి కష్టం కావడం, ఒకటి. 2018 కేంద్ర మార్గదర్శకాల్లో స్క్రైబు (చెప్పింది రాసిపెట్టే మనిషి), రీడరు (చదివి వినిపించే మనిషి), గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇయ్యాలని పెట్టినారు. అంటే మూడు గంటల పేపరుకు ఇంకో గంట. అయితే ఆ వైకల్యం ఉందని సర్టిఫికెట్ కావాల. సారు జాలి మీద నడిపితే ఎవరైనా గలాటా చేస్తారు. కాగితం ఉంటే నోరెత్తరు. పదో తరగతి దాకా ఆగొద్దు, వానికి ఆ వైకల్యం ఉందేమో ఇప్పుడే పరీక్ష చేయించు.

ఇంకోటి. ప్రశ్నలు రాసేవాళ్లది కూడా తప్పుంది. మావాని పుస్తకంలో ఈ మాదిరి లెక్క: "ఎకరాకు 12 బస్తాల చొప్పున 5 ఎకరాలలో వేరుశనగ పండించిన రైతు అందులో మూడవ వంతు విత్తనమునకై ఉంచుకొని మిగిలినది బస్తా 3,000 రూపాయల వంతున విక్రయించగా లభించిన సొమ్మెంత?" క్రియ కోసం చివరిదాకా ఊపిరి బిగబట్టాల. రైతు ఎవరో తెలిసేసరికి బస్తాలెన్నో మర్చిపోతాం. పైగా మా ఇంట్లో వేరుశనగను బుడ్డలంటేనే వానికి తెలిసేది, విక్రయించగా అంటే ఎవరికి తెలుసు?

దేవుని కడప టీచరమ్మ:
దాన్ని నాలుగు ముక్కలు చేసి ఇచ్చి చూడండి.

టవర్ క్లాక్:
రాత్రి చేసినా మేడమ్. "రైతుకు 5 ఎకరాలుంది. ఎకరాకు 12 బస్తాల బుడ్డలు పండినాయి. మూడో వంతు విత్తనానికి పెట్టుకున్యాడు. మిగతాది బస్తా 3,000కి అమ్మినాడు. ఎంత వచ్చింది?" ఎవరూ చదివి పెట్టల్యా. వానంతట వాడే నిదానంగా చదివి లక్షా ఇరవై వేలు అన్యాడు. పెద్ద వాక్యం ఇచ్చినప్పుడు 60 బస్తాల దగ్గరే ఆగిపోయినాడు.

బురుజు నీడ:
లెక్కలు, సైన్సు వరకు ఒప్పుకుంటా. అక్కడ మనం చూసేది వానికి లెక్క వచ్చునా లేదా అనే. కానీ తెలుగు పేపర్‌లో గద్యం ఇచ్చి చదివి జవాబు రాయమంటారు చూడు, అది కూడా చదివి వినిపిస్తే ఇంక పరీక్షించేది దేన్ని? మేడమ్, మీరైతే మీ క్లాసులో వినిపిస్తారా?

దేవుని కడప టీచరమ్మ:
వినిపించను. ఎక్కువ టైము ఇస్తాను. ఆ ఒక్క చోట మీతోనే ఉన్నా.

ఆటో స్టాండు:
నేను లేను మేడమ్.