40 దాటాక ఫోమ్ బ్లాస్టర్ల ఆట: ఆడేవాళ్ళ అనుభవాలు కావాలి

గురితప్పింది:
అందరికీ నమస్కారం. నాకు 42. పిల్లల కోసం కొన్న ఫోమ్ బ్లాస్టర్లు (డార్ట్లు అనే మెత్తటి ఫోమ్ గుళ్ళు కాల్చే బొమ్మ తుపాకులు) ఇప్పుడు పిల్లల కన్నా నా చేతిలోనే ఎక్కువ ఉంటున్నాయి, దీని మీద ఇంట్లో వెయ్యాల్సిన జోకులన్నీ వేసేశారు. ఈమధ్య పెద్దవాళ్ళే జట్లు కట్టి మైదానాల్లో ఆడుతున్న వీడియోలు చూశాక నాకూ వెళ్ళాలనిపిస్తోంది. అక్కడ అందరూ కాలేజీ కుర్రాళ్ళేనా? మోకాళ్ళు అంతంతమాత్రంగా ఉన్నవాడికి ఈ ఆట కుదురుతుందా? బొమ్మల షాపులో కొన్నది కొన్నట్టు పట్టుకెళ్తే సరిపోతుందా, లేక విప్పి మార్పులు చేయించాలా? దెబ్బల సంగతి ఏంటి? ఆడేవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా చెప్పండి.

పాతస్ప్రింగ్:
నాకు 56, మీరు ఇంకా కుర్రాళ్ళే. నిరభ్యంతరంగా వెళ్ళండి. పరుగెత్తేవాళ్ళు పరుగెత్తుతారు, మనలాంటివాళ్ళం ఒక మూల చూసుకుని ఆ దారిలో ఎవరూ రాకుండా కాపలా కాస్తాం. నిజానికి కుర్రాళ్ళకి ఓపిక ఉండదు, ఒకచోట కదలకుండా కూర్చునేవాడు దొరికితే జట్టు వాళ్ళే సంతోషిస్తారు. మోకాళ్ళకి ప్యాడ్లు కట్టుకోండి. పరుగు కన్నా గొంతుక్కూర్చుని లేవడమే మన వయసులో ప్రాణం తీస్తుంది.

ఇంకోటి, ఎవరూ ముందుగా చెప్పరు. నొప్పి ముందు మోకాలికి రాదు, భుజానికి, మోచేతికి వస్తుంది. గట్టి స్ప్రింగ్ వేసిన పంప్ బ్లాస్టర్‌ని ఆట సాగినంతసేపూ లాగుతూ ఉండాలి కదా, మర్నాడు చెయ్యి పైకి లేవదు. వేళ్ళ కీళ్ళు నొప్పులున్నవాళ్ళు స్ప్రింగ్ జోలికి పోకుండా బ్యాటరీవే తీసుకోండి.

సోల్డర్‌బాబు:
పాతస్ప్రింగ్ గారు చెప్పినదానికి కొంచెం కలుపుతాను. స్థూలంగా రెండు రకాలు. స్ప్రింగ్ రకంలో మీరు లాగినప్పుడు స్ప్రింగ్ ముడుచుకుంటుంది, ట్రిగ్గర్ నొక్కగానే ప్లంజర్ (పిస్టన్ లాంటిది) ముందుకు దూకి గాలిని నొక్కుతుంది, ఆ గాలి డార్ట్‌ని తోస్తుంది. దాని చుట్టూ ఉండే రబ్బరు ఓ-రింగ్ దగ్గర గాలి లీకయితే ఎంత గట్టి స్ప్రింగ్ వేసినా దండగే. రెండోది బ్యాటరీతో నడిచే ఫ్లైవీల్. రెండు చక్రాలు ఎదురెదురుగా తిరుగుతుంటాయి, డార్ట్ వాటి మధ్యలోకి వెళ్ళగానే నలిపి విసిరేస్తాయి. నెర్ఫ్ అనే బ్రాండ్ వాళ్ళ స్ట్రైఫ్ మోడల్ ఇలాంటిదే, 2013 నుంచీ దీన్ని విప్పని మాడర్ (బ్లాస్టర్లకి మార్పులు చేసేవాడు) ఉండడు. చక్రాలు పూర్తి వేగం అందుకోడానికి ఒక క్షణం పడుతుంది, ఆ శబ్దం అవతలివాడికి వినిపిస్తుంది కూడా. స్ప్రింగ్‌కి ఆ గోల లేదు, కాల్చేదాకా నిశ్శబ్దం. దొంగచాటుగా వెళ్ళేవాళ్ళు అందుకే స్ప్రింగే వాడతారు.

మాడిఫికేషన్ గురించి: మొదటి ఆటకి అక్కర్లేదు. ఇప్పుడు డార్ట్ జోన్ లాంటి కంపెనీలు పెట్టెలోంచి తీసి ఆడుకునేంత శక్తితో ప్రో మోడళ్ళు అమ్ముతున్నాయి. ఒకప్పుడు 2006 నాటి నెర్ఫ్ లాంగ్‌షాట్ బ్లాస్టర్‌ని విప్పి, స్ప్రింగ్ మార్చి, బారెల్ కోసి మేం తంటాలు పడి తెచ్చుకున్న వేగం ఈరోజు కొత్తది కొంటే స్క్రూడ్రైవర్ ముట్టుకోకుండానే వస్తోంది. చెయ్యి ఊరుకోనివాళ్ళకి త్రీడీ ప్రింటర్‌లో అచ్చు తీసుకునే కాలిబర్న్ లాంటివి ఉన్నాయి, అది వేరే లోకం.

ఖాళీమ్యాగజైన్:
అందరూ బ్లాస్టర్ల మీద పడ్డారు, కళ్ళ గురించి ఎవరూ మాట్లాడరేం? నేను డాక్టర్‌ని కాను గానీ ఈ ఒక్క విషయంలో మాత్రం పోట్లాడతాను. 2017లో బీఎంజే కేస్ రిపోర్ట్స్‌లో లండన్ మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రి డాక్టర్లు ముగ్గురి గురించి రాశారు. బొమ్మ బ్లాస్టర్ డార్ట్ తగిలి కంటి లోపల రక్తం చేరింది. ముగ్గురిలో ఇద్దరు పెద్దవాళ్ళు, ఒకడు 11 ఏళ్ళ పిల్లాడు. బొమ్మే కదా అని తీసిపారేయడానికి లేదు. మామూలు చూపు కళ్ళద్దాలు రక్షణ కావు, పక్కల నుంచి ఖాళీ ఉంటుంది, పైగా అద్దం పగిలితే ఇంకా ప్రమాదం. జెడ్87.1 అనో ఈఎన్ 166 అనో భద్రతా ప్రమాణం గుర్తు ఉన్న కళ్ళజోడు తీసుకోండి. ఆట ఆగినా, మీరు ఔటై పక్కన నిలబడినా, మైదానం గీత దాటేదాకా అది తీయకూడదు.

గురితప్పింది:
నాకు చూపు కళ్ళద్దాలు లేకపోతే అవతల ఉన్నది మనిషో చెట్టో తెలీదు. మరి ఎలా?

ఖాళీమ్యాగజైన్:
అద్దాల మీద నుంచి తొడుక్కునే పెద్ద సైజు గాగుల్స్ ఉంటాయి. ఆవిరి పట్టడమే వాటితో వచ్చే పెద్ద చిక్కు, చెమట పట్టాక ఏమీ కనిపించదు. గాలి రంధ్రాలు బాగా ఉన్నవి చూసుకోండి, యాంటీఫాగ్ ద్రవం పూయండి. రెగ్యులర్‌గా ఆడతానని తేలాక మీ పవర్‌తోనే సేఫ్టీ అద్దాలు చేయించుకోవచ్చు. కాంటాక్ట్ లెన్స్ అలవాటుంటే దాని పైన మామూలు గాగుల్స్ చాలు. పళ్ళ కోసం మూతికి జాలీ మాస్క్ కూడా పెట్టుకుంటాను నేను, చూడ్డానికి భయంకరంగా ఉంటాను, పర్లేదు.

దూరంనుంచి:
అంత భయపెట్టకండి మేడం, కొత్తగా వచ్చేవాడు పారిపోతాడు. మేం 200 ఎఫ్‌పీఎస్ (సెకనుకి అడుగులు) పైనే ఆడతాం, చర్మం మీద ఎర్రటి మచ్చ తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. తక్కువ వేగంతో ఆడితే డార్ట్ నాలుగడుగులు పోయి చతికిలపడుతుంది, ఇక గురి ఏముంది, సరదా ఏముంది.

ఖాళీమ్యాగజైన్:
భయపెట్టడం కాదండీ, ఆ మచ్చ పడింది చర్మం మీద కాబట్టి సరిపోయింది.

జెండాకాపలా:
నేను ఆటలు నిర్వహిస్తుంటాను కాబట్టి ఈ ఎఫ్‌పీఎస్ గొడవ నాకు రోజూ ఉండేదే. కొత్తవాళ్ళ కోసం చెప్తున్నా: ఎఫ్‌పీఎస్ అంటే సెకనుకి డార్ట్ ఎన్ని అడుగులు పోతుందన్నది. మామూలు నెర్ఫ్ ఎలీట్ రకం 70 దరిదాపుల్లో ఉంటుంది. డార్ట్ బరువు గ్రాము అనుకోండి. 70 దగ్గర దాని శక్తి పావు జౌల్ కూడా ఉండదు. 150కి వెళ్తే జౌల్ దాటుతుంది. వేగం రెట్టింపు కన్నా కొంచెం ఎక్కువైంది, దెబ్బ మాత్రం నాలుగున్నర రెట్లు పెరిగింది. 200 అయితే రెండు జౌళ్ళకి దగ్గర. వేగం వర్గంతో శక్తి పెరుగుతుందని స్కూల్లో చదివిందే, ఒంటికి తగిలితే గానీ గుర్తురాదు.

అందుకే మిశ్రమ వయసుల ఆటల్లో చాలాచోట్ల 130, 150 దగ్గర గీత గీస్తారు. 200, 250 అనేది అందరూ పెద్దవాళ్ళే అయి, అందరూ ఒప్పుకుని, పూర్తి ముఖం మాస్కులతో ఆడే పోటీలకి. దూరంనుంచి గారూ, మీ ఆట మీకు ముద్దే, కానీ పక్కన 12 ఏళ్ళ పిల్లలు ఆడుతుంటే ఆ బ్లాస్టర్ సంచిలోనే ఉండాలి. ఆట మొదలయ్యే ముందు ప్రతి బ్లాస్టర్‌నీ క్రోనోగ్రాఫ్ (వేగం కొలిచే పరికరం) ముందు కాల్పించి చూస్తాను. ఆట మధ్యలో స్ప్రింగ్ మార్చుకొచ్చే మహానుభావులూ ఉంటారు, మధ్యాహ్నం ఇంకోసారి చూస్తే దొరికిపోతారు.

దూరంనుంచి:
సరే, పిల్లలున్నచోట తగ్గించాల్సిందే, దానికి నేనూ ఒప్పుకుంటాను. కానీ పెద్దవాళ్ళ ఆటలో 130 అంటే మాత్రం నాకు నిద్రొస్తుంది, ఏమీ అనుకోకండి.

పాతస్ప్రింగ్:
నాకు 130 దగ్గరే మెలకువ వస్తుంది. అటూ ఇటూ దూరం తక్కువైతే ఎత్తుగడ వెయ్యాలి, పక్కనుంచి రావాలి, ఒకడు ఆపుతుంటే ఇంకొకడు కదలాలి. ఎంత దూరం నుంచైనా కొట్టగలిగితే అందరూ అడ్డం వెనక దాక్కుని ఒకరి కోసం ఒకరు ఎదురుచూడ్డమే.

తొమ్మిదోమ్యాగ్:
మా అనుభవం వేరు. మా బ్యాచ్ వేగం గురించి ఎప్పుడూ కొట్టుకోలేదు, కొట్టుకున్నదల్లా "తగిలింది", "తగల్లేదు" దగ్గరే. పెయింట్‌బాల్‌లో రంగు అంటుకుంటుంది, వాదన ఉండదు. ఫోమ్ డార్ట్ తగిలిన ఆనవాలు ఉండదు. పరిగెత్తే హడావిడిలో బట్టల మీద తగిలితే నిజంగానే తెలీకపోవచ్చు కూడా. తగిలినవాడు తానే చెయ్యెత్తి చెప్పాలి. ఒక్కడు దాచడం మొదలుపెడితే ఆ సాయంత్రానికి పదిమందీ దాస్తారు. మంచి మంచి బ్లాస్టర్లున్న గ్రూపులు ఈ ఒక్క కారణానికే చెదిరిపోవడం చూశాను. మేం పెట్టుకున్న కట్టుబాటు ఏంటంటే, అనుమానమొస్తే తగిలినట్టే లెక్క, ఎదుటివాణ్ణి "నీకు తగిలింది" అని అరవకూడదు, ఏదైనా ఉంటే నిర్వాహకుడికి చెప్పాలి. నలభైల్లో ఉన్నవాళ్ళు ఉంటే ఈ కట్టుబాటు బాగా నిలుస్తుంది, ఎందుకంటే గెలిచి చూపించాల్సిన అవసరం వాళ్ళకి తక్కువ. అందరికీ కాదనుకోండి, మాలో ఒకాయనకి 60 దాటాయి, ఆయన ఒక్కసారి ఔటయ్యానని ఒప్పుకోగా చూడాలని ఉంది.

జెండాకాపలా:
హహ, ఆయన ప్రతి గ్రూపులోనూ ఉంటారు. అందుకే ఔటయితే ఇంటికి పో అనే ఆటలు నేను తగ్గించేశాను. స్థావరానికి నడిచి వెళ్ళి ముట్టుకుని మళ్ళీ రావచ్చు అంటే దాచాలన్న ఆశే ఉండదు. వయసున్నవాళ్ళకీ ఇదే మేలు, పక్కన కూర్చోబెడితే ఒళ్ళు చల్లబడి మళ్ళీ లేచేసరికి పట్టేస్తుంది.

బ్లాస్టర్ కొనకుండా రుచి చూడాలంటే హ్యూమన్స్ వర్సెస్ జాంబీస్ ఆట చూడండి. 2005లో అమెరికాలో గౌచర్ కాలేజీ విద్యార్థులు మొదలుపెట్టారు. జాంబీలకి ఆయుధం ఉండదు, చేత్తో ముట్టుకుంటే చాలు, ముట్టుకున్న మనిషి కూడా జాంబీ అయిపోతాడు. మనుషులు డార్ట్‌తో గానీ ఉండలా చుట్టిన సాక్సుతో గానీ కొడితే జాంబీ కొంతసేపు ఆగిపోతుంది. అవునండీ, సాక్సులే. గురి బాగుంటే బ్లాస్టర్ల కన్నా అవే నయం, జామ్ అవ్వవు కదా.

గురితప్పింది:
సాక్సుల ఐడియా నాకు నచ్చింది, రిటైర్మెంట్ ప్లాన్ దొరికింది. ఇంకో రెండు అడగాలి. పబ్లిక్ పార్కులో ఆడితే చూసేవాళ్ళు భయపడరా? బ్యాటరీ రకం అంటున్నారు, అవి కాలిపోతాయని విన్నాను, నిజమేనా?

సోల్డర్‌బాబు:
బ్యాటరీ సంగతి నేను చెప్తా. మామూలు సెల్స్‌తో నడిచేది కొన్నది కొన్నట్టు వాడితే ఏ భయమూ లేదు. చిక్కంతా లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ పెట్టాలనుకున్నప్పుడే. స్ట్రైఫ్ మామూలుగా నాలుగు ఏఏ సెల్స్‌తో నడుస్తుంది, అంటే 6 వోల్టులు. మూడు సెల్స్ లైపో నిండా ఛార్జ్ చేస్తే 12.6 వోల్టులు. పాత మోటార్లు, జుట్టంత సన్నటి వైర్లు, లోపల ఉండే థర్మిస్టర్ (వేడెక్కితే కరెంటు తగ్గించేది), ఇవేవీ దానికోసం పెట్టినవి కావు. వైర్లు, స్విచ్, మోటార్లు మూడూ మార్చాకే ఆ బ్యాటరీ పెట్టాలి. ఛార్జింగ్‌కి సెల్స్ అన్నిటినీ సమానంగా నింపే బ్యాలెన్స్ ఛార్జరే వాడండి, పక్కనే ఉండండి, వాడనప్పుడు సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచండి, ఉబ్బిన బ్యాటరీ మీద జాలి పడకండి. సోల్డరింగ్ రాకపోతే నేర్చుకునేదాకా స్ప్రింగ్‌తో ఆడుకోండి, మీ భుజం బాగానే ఉందిగా.

జెండాకాపలా:
పార్కు గురించి: ముందు ఆ స్థలం ఎవరిదో వాళ్ళ అనుమతి తీసుకోండి. బ్లాస్టర్ చివర ఉండే నారింజ రంగు మూతి తీయకండి, నల్లరంగు అసలు వేయకండి. ఎంత అందంగా పెయింట్ చేసినా దూరం నుంచి చూసే పోలీసుకి అది బొమ్మ అని తెలియాలి. ఇంటి నుంచి మైదానం దాకా సంచిలో పెట్టి జిప్ వేసే తీసుకెళ్ళండి, బస్సులో బయటికి తీసి ఫ్రెండ్‌కి చూపించడాలు వద్దు. ఆడేచోట బోర్డు పెట్టి, ఒక మనిషిని నడిచి వెళ్ళేవాళ్ళతో మాట్లాడ్డానికే ఉంచుతాను. ఎవరైనా దారిన పోతుంటే ఆట ఆపేయాలి. మిలిటరీ బట్టలు నాకిష్టం ఉండదు, రంగురంగుల టీషర్టులు వేసుకుంటే చూసేవాళ్ళు నవ్వుకుంటూ పోతారు.

తొమ్మిదోమ్యాగ్:
డార్ట్లు ఏరడం మర్చిపోయారు! ఆట అయ్యాక అందరూ వరసగా నిలబడి గడ్డిలో నడుచుకుంటూ ఏరాలి, కుర్రాళ్ళు ఫోన్లు తీసి మాయమైపోయే టైమ్ కూడా సరిగ్గా అదే. పొట్టి డార్ట్లు, అంటే 37 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉండేవి, పొడవాటి 72 మిల్లీమీటర్ల వాటికన్నా తిన్నగా పోతాయి, తోక ఊపవు, కానీ గడ్డిలో పడితే దొరకవు. ముదురు రంగులవి కొనకండి. తల ఊడినవి, నలిగినవి అప్పటికప్పుడే పక్కన పడేయండి, నలిగిన డార్ట్ మ్యాగజైన్‌లో (డార్ట్లు నింపే పెట్టెలో) ఇరుక్కునేది ఎప్పుడూ ఎవడో మీద పడబోయే టైమ్‌కే. తడిసినవి ఆరబెట్టాకే వాడాలి.

దూరంనుంచి:
గట్టి తల ఉన్న చౌక డార్ట్లు కూడా వద్దు. ఈ విషయంలో ఖాళీమ్యాగజైన్ మేడంతో నేను కూడా ఉన్నాను. వేగం సరదాయే గానీ, తల మెత్తగా ఉండాలి.

ఖాళీమ్యాగజైన్:
స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.

గురితప్పింది:
చాలా థాంక్స్ అందరికీ. ముందు గాగుల్స్, మోకాలి ప్యాడ్లు కొంటాను. బ్లాస్టర్ మాత్రం ఇంట్లో ఉన్నదే తీసుకెళ్తా. పిల్లల దగ్గర అడిగి తీసుకోవాలేమో.

పాతస్ప్రింగ్:
అడక్కండి, వాళ్ళూ వస్తామంటారు. వస్తే మీ ఎదుటి జట్టులో వెయ్యమని చెప్పండి, అప్పుడు చూడాలి మీ మోకాళ్ళ సంగతి.