పెద్దపాపకు చిన్నపిల్లల్ని అప్పజెప్పడం తప్పా?

కొర్లగుంట తల్లి:
మాది తిరుపతి. మాకు నలుగురు పిల్లలు. పెద్దపాపకు ఎనిమిదేళ్లు, అబ్బోడికి నాలుగు, తర్వాత కవలలు, ఇద్దరూ ఆడపిల్లలే, ఏడాది నిండి ఇప్పుడిప్పుడే నడుస్తున్నారు. మూడో బిడ్డ చాలనుకుంటే ఇద్దరొచ్చారు (ఎవరూ నవ్వొద్దు). సాయంత్రం పాప బడి నుంచి రాగానే నేను నీళ్లు పట్టుకోవాలి, మిద్దె మీద బట్టలు తేవాలి, రాత్రికి సంగటి కెలకాలి. ఆ గంటన్నర కవలల్ని పాపే చూసుకుంటుంది, మరీ ఏడిస్తే నా ఫోన్లో పాటలు పెట్టి చూపిస్తుంది. మొన్న ఆదివారం మా ఆడబిడ్డ వచ్చి అందరి ముందూ "కన్నది నువ్వు, సాకేది అదా?" అనింది. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. నిజంగా తప్పు చేస్తున్నానా?

కట్టమంచి పెద్దాయన:
తప్పేముందమ్మా. మేం ఎనిమిదిమందిమి. మా అమ్మ బెల్లం గానుగ కాడ పనిచేస్తుంటే మేమంతా పెద్దక్క చంకలోనే పెరిగాం, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఫోను ఇస్తున్నారు చూడండి, అది మాత్రం మహా తప్పు.

రేణిగుంట నాన్న:
ఫోను విషయంలో పెద్దాయన కరెక్ట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది, ఏడాది పిల్లలకు స్క్రీన్ అసలు వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు కూడా గంట మించకూడదని.

ఇద్దరబ్బాయిల అమ్మ:
ఆ సంస్థ వాళ్లు వచ్చి మా ఇంట్లో పోపు పెట్టి పోతారా?

కట్టమంచి పెద్దాయన:
ఇట్లా ఎదురు మాట్లాడబట్టే నేటి పిల్లలకు ఫోను లేందే ముద్ద దిగడం లేదు. మా కాలంలో చందమామను చూపించి తినిపించేవాళ్లు.

ఇద్దరబ్బాయిల అమ్మ:
సాయంత్రం ఐదింటికి చందమామ ఎక్కడుంటాడు సార్.

భైరాగిపట్టెడ నర్సు:
ఫోను గొడవ కాసేపు ఆపండి. నీళ్లు పట్టి పెట్టుకునే ఇల్లంటున్నారు, నాకు భయం అక్కడ. ఈ వయసు పిల్లలకు తల బరువెక్కువ. బక్కెట్లోకి తొంగి చూసి ముందుకు వాలితే మళ్లీ లేవలేరు, అడుగున రెండంగుళాల నీళ్లున్నా చాలు ప్రాణం పోవడానికి, అరుపు కూడా వినపడదు. ఇద్దరు చెరో వైపు పోతే ఎనిమిదేళ్ల పిల్ల ఎవరి వెనక పరిగెత్తాలి? డ్రమ్ములకు మూతలు పెట్టండి, బాత్రూముకు బయట గడియ వేయండి, ఖాళీ బక్కెట్లు బోర్లించండి. ముందు ఈ పని చేసి తర్వాత ఎంతసేపైనా వాదించుకోండి.

కొర్లగుంట తల్లి:
గడియ ఉంది మేడం, పైన. మూతలు ఈరోజే తెప్పిస్తాను.

నలుగురిలో పెద్దది:
అందరూ ఫోను, బక్కెట్టు అంటున్నారు, ఆ పాప సంగతి ఒక్కరూ ఎత్తలేదు. నేను నలుగురిలో పెద్దదాన్ని, మదనపల్లె వైపు పల్లెటూరు. నాకూ ముందు "ఒక్క గంట చూడు" అనే చెప్పారు. గంట పోయి సాయంత్రమంతా అయింది, తర్వాత చిన్నోడికి జ్వరమొస్తే బడి మానడం, అమ్మ కోతకు పోతే బడి మానడం, చివరికి టెన్త్ పాసైనా ఇంటర్‌కు పంపలేదు, ఇంట్లో పిల్లల్ని ఎవరు చూస్తారని. తమ్ముడు ఇప్పుడు బెంగళూరులో ఇంజనీరు. వాడి పెళ్లిలో మైకు పట్టుకుని "మా అక్కే నన్ను పెంచింది" అంటే అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నేనేం చేసుకోవాలి? నాకు ఇంటర్ కావాలి.

కట్టమంచి పెద్దాయన:
గంటసేపు తమ్ముణ్ణి ఆడించడానికీ చదువు మానిపించడానికీ పోలికేంటమ్మా? మీ నాన్న చేసిన తప్పు ఈమె నెత్తిన వేస్తున్నారు. మా అక్క ఎనభై ఏళ్లకు పోయింది, ఏనాడూ మమ్మల్ని పెంచానని దెప్పలేదు.

నలుగురిలో పెద్దది:
మీ అక్కను మీరు ఎప్పుడైనా అడిగారా?

చిత్తూరు కుర్రోడు:
ఎందుకు గొడవ, ప్రభుత్వమే ఎక్కువమందిని కనమంటోంది. ఇద్దరికి మించి ఉంటే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న రూలు కూడా 2024లో తీసేశారు. కార్పొరేటర్‌గా నిలబడండి అక్కా, నీళ్లు మన వీధికే ముందు వస్తాయి 😄

కొర్లగుంట తల్లి:
నవ్వులాటగా ఉంది తమ్ముడూ నీకు. బడికి పోయే పిల్లలకని ప్రభుత్వమిచ్చే తల్లికి వందనం డబ్బు పెద్దదానికి వచ్చింది, చేతికి 13 వేలు, కాదనను. అబ్బోడింకా అంగన్‌వాడీ, కవలలు ఒకటో తరగతికి పోవాలంటే చాలా ఏళ్లుంది. ఆ డబ్బు సాయంత్రం ఐదింటికి పిల్లను ఎత్తుకోదు కదా.

నలుగురిలో పెద్దది:
సరే, అబ్బోడు ఆ గంటన్నర ఏం చేస్తాడు? ఇంట్లో ఇంకా ఎవరెవరుంటారు?

కొర్లగుంట తల్లి:
వాడికి నాలుగేళ్లు, వీధిలో ఆడుకుంటాడు. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. మా ఆయనకు కరకంబాడి వైపు ఫ్యాక్టరీలో పని, పొద్దున షిఫ్టు.

రేణిగుంట నాన్న:
పొద్దున షిఫ్టంటే ఆరు నుంచి రెండు. నాదీ అదే. మూడింటికల్లా ఇంట్లో ఉంటాం కదండీ?

కొర్లగుంట తల్లి:
ఉంటారు. పడుకుంటారు. తెల్లారి నాలుగుకు లేచే మనిషి.

కట్టమంచి పెద్దాయన:
మరి! మగవాడు మిషన్ దగ్గర నిలబడి అలిసిపోయి వస్తాడు. వాడి నిద్ర చెడగొట్టి పిల్లల్ని చూడమంటారా?

ఇద్దరబ్బాయిల అమ్మ:
ఈమె నాలుగుకు లేచి ఆయనకు క్యారియర్ కట్టడం లేదా? పైగా ఆ ఆడబిడ్డ వదినను అందరి ముందూ కడిగేసింది, అదే ఇంట్లో పడుకున్న అన్నను ఒక్క మాటైనా అనిందా?

కొర్లగుంట తల్లి:
నేను పాప గురించి అడిగాను. మా ఆయన గురించి పంచాయితీ పెట్టమని ఎవరినీ అడగలేదు. ఆయన తాగడు, కొట్టడు, జీతం మొత్తం నా చేతికే ఇస్తాడు. మీ మొగుళ్ల మీది కోపం తెచ్చి ఇక్కడ పెట్టొద్దు.

నలుగురిలో పెద్దది:
మంచివాడే అక్కా, కాదన్నదెవరు. ఆ పాప ఆడుకోవాల్సిన టైములో ఇంట్లో ఎవరు పడుకున్నారో చెప్పుకోకుండా పాప గురించి ఎట్లా మాట్లాడేది?

భైరాగిపట్టెడ నర్సు:
కొంచెం మెల్లగా. ఆమెకు నలుగురు పిల్లలు, నిద్ర ఎంతో మనకు తెలీదు.

కొర్లగుంట తల్లి:
అడగలేదనుకుంటున్నారా? కవలలు పుట్టిన కొత్తలో అడిగాను. ఒకరికి పాలు పట్టేలోపు ఇంకొకరు గుక్కపట్టి ఏడుస్తుంటే కాస్త ఎత్తుకో అన్నాను. ఎత్తుకున్నాడు కూడా. అత్తమ్మ చూసి "మగోడి చేత పిల్లల పని చేయిస్తావా" అని వాకిట్లో కూర్చుని అందరికీ చెప్పింది. ఆయన మళ్లీ ముట్టుకోలేదు, నాతో చాలా రోజులు మాట్లాడలేదు. పాపనైతే ఒక్కసారి పిలిస్తే చాలు, వచ్చేస్తుంది. "నేనెందుకు" అనదు.

నలుగురిలో పెద్దది:
నేనూ అనేదాన్ని కాదు.

రేణిగుంట నాన్న:
అక్కా, నేను మూడింటి నుంచి ఐదింటి దాకా పడుకుని లేస్తాను. లేచాక నీళ్లు పట్టేది నేనే, మా అమ్మ ఏమన్నా సరే. పిల్లల్ని ఎత్తుకోమని కాదు, డ్రమ్ములు నింపమని అడిగి చూడండి. అది మగోడి పనే అంటారు మీ అత్తమ్మ కూడా. అప్పుడు మీరు పిల్లల దగ్గర ఉండొచ్చు, పాప వీధిలోకి పోవచ్చు.

ఇద్దరబ్బాయిల అమ్మ:
ఇది బాగుంది.

నలుగురిలో పెద్దది:
బాగుంది గానీ ఆయన పిల్లల్ని ఆయన ఎత్తుకోవడానికి ఇన్ని ఎత్తులా?

కొర్లగుంట తల్లి:
నీళ్ల మాట అడుగుతాను. మిగతాది ఇప్పుడు నా వల్ల కాదు.

కట్టమంచి పెద్దాయన:
అన్నీ మాట్లాడారు, ఫోను సంగతి మాత్రం ఎవరూ తేల్చలేదు.