అప్‌డేట్: కత్తెర పట్టుకుంటే చెయ్యి వణుకుతోందని అడిగాను కదా

విజయనగరంలో హెయిర్ స్టైలిస్ట్‌ని. పెళ్లిళ్ల సీజన్ అయ్యాక నిద్ర పట్టట్లేదు, చెయ్యి వణుకుతోంది, ఇంట్లో పాప మీద అరుస్తున్నాను, పని మానేయాలా అని రెండు నెలల కిందట అడిగాను. మానలేదండి.

మీలో ఒకరు చెప్పిన టెలీ మానస్ (మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్) నంబరు 14416కి రాత్రి పదకొండింటికి చేశాను. డబ్బులేమీ అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడారు. వాళ్లు చెప్పాకే డాక్టర్‌కి చూపించుకున్నాను. ఇప్పుడు నిద్ర పడుతోంది. మా ఆయనకి చెప్పడమే కష్టమైంది. అంతా విని, పాపని బడికి రెడీ చేసే పని ఆయనే తీసుకున్నారు.

మంగళవారం షాపు సెలవు. ఆ రోజు అత్తమ్మ దగ్గర పూలజడ కుట్టడం నేర్చుకుంటున్నాను. అట్టముక్క మీద మల్లెమొగ్గలన్నీ ఒకే వైపు తిరిగేలా వరసగా కుట్టాలి. దారం కాస్త గట్టిగా లాగితే మొగ్గ తెగిపోతుంది. ఎంతమంది పెళ్లికూతుళ్లని తయారుచేసినా, మొదటిసారి నా చేత్తో కుట్టిన జడ మాత్రం మా పాపకే వేశాను. అద్దం ముందు వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంది.

చెయ్యి ఇంకా అప్పుడప్పుడు వణుకుతోంది. కత్తెర పక్కన పెట్టి, "ఒక్క నిమిషం అండి" అని మంచినీళ్లు తాగి వస్తున్నాను. ఇదివరకు ఆ మాట అనడానికే భయపడేదాన్ని.